సముద్రం లేని ఊళ్ళో తుఫాను కాలం

ఆ ఏడాది ఊరంతా టీవీలో చూసేది ఒకటైతే, మా అమ్మ చూసేది ఇంకొకటి. తెర మీద పెద్దమనుషులు రాష్ట్రం రెండవుతుందా కాదా అని వాదించుకుంటూ ఉండేవారు. అమ్మ వాళ్ళ ముఖాల వైపు చూసేది కాదు. కింద పరిగెత్తే అక్షరాల్లో బంగాళాఖాతం అన్న మాట కోసం చూసేది. అది కనిపించిందంటే చేతిలో పని వదిలేసి, ఆ ముక్క మళ్ళీ తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడేది.

మేము అప్పుడు కొత్తపేటలో ఉండేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీ నగర్‌కీ మధ్యలో, పండ్ల మార్కెట్ వెనక వీధిలో, మేడ మీద రెండు గదుల వాటా. నాన్న పోయాక నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం దొరికింది. అమ్మను తీసుకుని వచ్చేశాను. మాది కృష్ణా జిల్లా చివర, దివిసీమ. అమ్మకు ఒక్కతే చెల్లెలు. పిన్నిని ఇచ్చింది అక్కడే, పక్క ఊళ్ళోనే. ఆమె, బాబాయి కలిసి వరి వేసుకుని బతుకుతారు. పిల్లల్లేరు. గాలి అటునుంచి తిరిగినప్పుడు సముద్రం హోరు వాళ్ళ వంటింట్లోకి వినిపిస్తుంది.

దివిసీమ అనగానే ఎవరైనా ఉప్పెన గురించే అడుగుతారు. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు అమ్మకు పదిహేనేళ్ళు, పిన్నికి తొమ్మిదో పదో. అమ్మమ్మా తాతయ్యా పోయారనీ, అక్కచెల్లెళ్ళిద్దరూ బతికారనీ నాకు తెలుసు. అంతకు మించి అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు. మా వైపు చాలా ఇళ్ళలో అంతే.

కింద వాటాలో ఇంటి ఓనరు ఉండేది. వీధిలో అందరిలాగే నేనూ ఆమెను ఓనరాంటీ అనేదాన్ని. వాళ్ళది నల్లగొండ జిల్లా, చిట్యాల దాటాక లోపలికి వెళ్తే వస్తుంది ఊరు. అంకుల్ అక్కడ పత్తి చేను చూసుకునేవాడు, ఆంటీ ఇక్కడ ఇల్లు చూసుకునేది. ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఎల్బీ నగర్‌లో బస్సు ఎక్కుతూనో దిగుతూనో ఉండేవారు. ఉద్యమంలో ఆంటీ ముందు వరస మనిషి. అంతకు రెండేళ్ళ ముందు హైవే మీద వంటావార్పు పెట్టినప్పుడు, మా అమ్మ దగ్గర పెద్ద గుండిగ ఉందని తెలిసి పైకి వచ్చింది.

"జర ఆ గుండిగ ఇస్తవా చెల్లే? రోడ్డు మీద వండుతున్నం. పొద్దుగూకే వరకు తోమి తెచ్చిస్త."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత అటక మీంచి దింపి ఇచ్చింది. "అడుగంటనివ్వకండి అక్కయ్యగారూ" అని మాత్రం అంది. ఆ రోజు తెలంగాణ కోసం రోడ్డు మీద ఉడికిన అన్నం మా గుండిగలోనే ఉడికింది.

మొదటి తుఫాను ఎండాకాలంలో వచ్చింది. కొత్తపేటలో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి ఎదురుచూసే రోజులవి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అమ్మ మాత్రం పిన్నికి ఫోన్ చేసి గాలి ఎలా ఉందని అడిగింది.

"గాలి ఉంటే బాగుండేదే అక్కా, ఉక్కపోతతో చస్తున్నాం" అంది పిన్ని.

ఆ తుఫాను మన వైపు చూడకుండానే బంగ్లాదేశ్ వెళ్ళిపోయింది. అమ్మ స్థిమితపడుతుందనుకున్నాను. పడలేదు. "ఎండాకాలంలోనే మొదలైందంటే ఈ ఏడు వరసగా వస్తాయి" అంది. అది సైన్సు కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

జూలై చివర ఢిల్లీలో నిర్ణయం ప్రకటించారు. సాయంత్రానికి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డంతా గులాబి రంగు చల్లుకున్నారు, టపాకాయలు కాల్చారు. మెట్రో కోసం తవ్విన గుంతల పక్కన కుర్రాళ్ళు డప్పులు కొట్టి ఆడారు. నేను పని నుంచి నడిచి వచ్చేసరికి నా దుపట్టా కూడా గులాబి రంగైపోయింది. ఇంటికొచ్చాక చూస్తే ఓనరాంటీ మా గుమ్మంలో స్వీట్ల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేనట్టు ఒక కాలు గడప మీద, ఒక కాలు మెట్టు మీద.

"తీసుకో చెల్లే. మా కొట్లాట మీ మీద కాదు, నీకెర్కే."

అమ్మ ఒక లడ్డూ తీసుకుని సగం తుంచి నాకిచ్చింది. "మాకింక ఇల్లు ఖాళీ చెయ్యమంటారా?" అని అడిగింది. ఆ మాట కొన్నాళ్ళుగా ఆమెలో తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది.

ఆంటీ ముఖం ఎర్రబడింది. "గట్ల ఎవలన్నరు? కిరాయి టైముకిస్తరు, నీళ్ళు దుబారా చెయ్యరు. మీరు పోతే నేనెవరితోని మాట్లాడాలె?"

ఆ మాటతో ఆ సాయంత్రం గట్టెక్కింది కానీ, తర్వాతి నెలలు తేలిగ్గా గడవలేదు. అవతల సమ్మె మొదలై ఆంధ్రా బస్సులు ఆగిపోయాయి. మా కోచింగ్ సెంటర్ స్టాఫ్‌రూమ్‌లో అంతకు ముందు కలిసి టీ తాగేవాళ్ళు రెండు వైపులుగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు. బంద్ అంటే క్లాసులు లేవు, బంద్ అయిపోయాక ఆదివారాలు కూడా క్లాసులు. ఎక్కడ కూర్చున్నా లేవాలనిపించేది. ఇంట్లో ఉంటే బయటికి, బయట ఉంటే ఇంటికి.

అమ్మ బాధ వేరు. "ఇప్పుడు తుఫానొస్తే నేను వెళ్ళేది ఎలా?" అని రోజూ అడిగేది.

"వస్తే అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూసేది ఏముంటుంది?" అనేది.

దసరా ముందు నిజంగానే పెద్దది వచ్చింది. అది శ్రీకాకుళం పైన ఒడిశా వైపు తీరం దాటింది. దివిసీమకు ఏమీ కాలేదు. అమ్మ ఊపిరి పీల్చుకుని, వెంటనే చెంపలేసుకుంది. "పోనీలే అటెళ్ళింది అనుకున్నాను చూడు. అక్కడ మాత్రం మనుషులు లేరా" అంది. ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు.

ఆ నెలాఖరులో పేరు కూడా లేని అల్పపీడనం ఒకటి వచ్చింది. పేరున్న తుఫాను చెయ్యని పని అది చేసింది. రోజుల తరబడి వాన. కోస్తా అంతా మునిగింది, వాన అక్కడితో ఆగకుండా నల్లగొండ దాకా వచ్చింది. పత్తి కాయలు పగిలి తెల్లగా విచ్చుకున్న సమయం. అంకుల్ ఫోన్ చేసి ఏం చెప్పాడో కానీ ఓనరాంటీ తడిసిన చీర కుచ్చిళ్ళతోనే మెట్లెక్కి వచ్చింది. మా టీవీ ముందు కూర్చుంది.

"ఏది, ఎక్కడున్నది ఆ పీడనం, నాకు గూడ జూపియ్యి" అంది అమ్మతో.

అమ్మ తెర దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. ఆంటీ చాలాసేపు చూసింది. తర్వాత కోపం లేకుండా, ఉన్న సంగతి చెబుతున్నట్టు అంది: "మీ సముద్రం మా చేన్లకొచ్చింది చెల్లే."

అప్పటి నుంచి ఇద్దరూ కలిసి చూసేవారు. అమ్మ గాలి కోసం, ఆంటీ వాన కోసం. రాష్ట్రం చర్చ వస్తే ఆంటీయే సౌండు తగ్గించేది.

ఊళ్ళో ఆరబోసే చోటు లేక అంకుల్ కొంత పత్తిని బస్తాల్లో కుక్కి డీసీఎం వ్యానులో కొత్తపేట పంపించాడు. మా డాబా నిండా పరిచారు. ఎండ ఉంటే అమ్మా ఆంటీ కూర్చుని చేతులతో తిప్పేవారు. నాలుగు చినుకులు పడితే పరిగెత్తి తాటిపత్రి పట్టా కప్పేవారు. నవంబరులో ఒక మధ్యాహ్నం నేను తొందరగా వచ్చాను. సముద్రంలో మళ్ళీ ఒకటి పుట్టింది. దానికి హెలెన్ అని పేరు. మొదట ఒంగోలు, నెల్లూరు వైపు అన్నారు, తర్వాత మచిలీపట్నం అన్నారు. మచిలీపట్నం అంటే మా ఊరే అన్నట్టు. అమ్మ పొద్దున్నే పిన్నికి ఫోన్ చేసి హైదరాబాద్ వచ్చెయ్యమని బతిమాలింది. కోసిన వరి చేలో పనల మీద ఉంది, దాన్ని వదిలి ఎలా వస్తానని పిన్ని కసిరింది.

నేను ఉతికిన బట్టలు తియ్యడానికి డాబా మెట్లెక్కుతున్నాను. పైనుంచి అమ్మ గొంతు వినిపించింది. అది రోజూ మాట్లాడే గొంతు కాదు. చివరి మెట్టు మీద ఆగిపోయాను.

"మాకొక తమ్ముడుండేవాడు అక్కయ్యగారూ. ఐదేళ్ళు వాడికి."

ఆంటీ దోసిలి నిండా పత్తి తీసి తిరగేసింది.

"నీళ్ళొచ్చినప్పుడు మా నాన్న నా చేతికి వాణ్ణీ చెల్లినీ అప్పజెప్పాడు. ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో దాన్ని పట్టుకున్నా. ఒక అల వచ్చి కొట్టింది. ఆ మీదట ఏది నీరో ఏది నేలో తెలీలా. తుమ్మచెట్టుకు తట్టుకుని ఆగాం. తెల్లారాక చూసుకుంటే వాడు లేడు."

"కొట్టుకపోయిండా."

"చెల్లిని కాపాడానని అందరూ అంటారు. మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. నేను కాపాడలేదండీ. దాని చెయ్యి నేనెప్పుడో వదిలేశా. అదే నా జడ పట్టుకుని వేలాడింది. పొద్దున దాని గుప్పిట విప్పితే నిండా నా జుట్టే. నేను గట్టిగా పట్టుకున్నది వాణ్ణి. వాడే జారిపోయాడు."

ఇరవై ఏడేళ్ళు ఆమె కూతురిగా బతికాను. నాకొక మేనమామ ఉండేవాడని ఆ మెట్టు మీద నిలబడి తెలుసుకున్నాను. వెళ్ళి అమ్మను పట్టుకోవాలనిపించింది. కానీ అది నాతో చెప్పిన మాట కాదు కదా.

ఆంటీ పత్తి తిప్పుతూనే ఉంది. ఓదార్చలేదు, అయ్యో అనలేదు. ఒకటే అడిగింది.

"ఇప్పుడు నీ చెల్లె ఎక్కడున్నది?"

"అక్కడే."

"మరి నువ్వు ఈడ మా పత్తి తిప్పుకుంట ఏం జేస్తున్నవ్?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. చీరకు అంటిన దూది దులుపుకుంటూ లేచి, మెట్ల దగ్గర నన్ను చూసి, ఎంతసేపటి నుంచి ఉన్నావని కూడా అడగలేదు. "నా రెండు చీరలు సంచిలో పెట్టు" అంది.

"అమ్మా, అందరూ అక్కడి నుంచి ఇటొస్తుంటే నువ్వు అటెళ్ళి ఏం చేస్తావ్?"

"ఏమీ చెయ్యను. అక్కడుంటా."

మర్నాడు పొద్దున్నే ఎల్బీ నగర్ తీసుకెళ్ళాను. ఓనరాంటీ జొన్నరొట్టెలు చుట్టి ఇచ్చింది. సన్నగా జల్లు. సమ్మె అయిపోయి నెల దాటింది, బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. హైవే అంచున విజయవాడ, విజయవాడ అని అరిచేవాళ్ళు అరుస్తున్నారు. నేనూ వస్తానన్నాను. "నీకెందుకు? నువ్వుంటే నేను నిన్ను చూసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు చెయ్యి ఊపలేదు. డ్రైవరు వైపు, ముందు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం చేరానని ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున నుంచి ఫోన్ కలవలేదు. తుఫాను ఆ మధ్యాహ్నం తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు. నేను క్లాసుకు వెళ్ళాను. ఆ రోజు ఏ పాఠమో గుర్తులేదు. దేవరకొండ నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి, "మేడం, తుఫాను మా దిక్కు గూడ వస్తదా, మా నాయిన పత్తి ఏరిపిస్తుండు" అని అడిగింది. గాలి ఎందుకు సుడి తిరుగుతుందో, నేల మీదికి వచ్చాక ఎందుకు బలహీనపడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పడం మొదలుపెట్టాను. తీరం గీశాను. అక్కడ సుద్దముక్క ఆగిపోయింది. ఆ గీత మీద మా అమ్మ ఉంది. పిల్లలు నా వైపే చూస్తున్నారు. తలనొప్పి అని చెప్పి బయటికి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళాలనుకుని నడిచాను. కొత్తపేట వచ్చింది, మా వీధి మలుపు వచ్చింది, దాటిపోయాను. ఎందుకో తెలీదు. నడుస్తుంటే కొంచెం నయంగా ఉండేది. ప్రతి కొన్ని అడుగులకూ ఫోన్ చేయడం, ఆ నంబరు అందుబాటులో లేదన్న మాట వినడం. ఎల్బీ నగర్ చేరాను. అటువైపు నుంచి వచ్చిన బస్సుల్లోంచి దిగేవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడ్డాను, వాళ్ళకేదో తెలిసి ఉంటుందన్నట్టు.

ఫోన్ మోగింది. ఓనరాంటీ.

"యాడున్నవ్ బిడ్డా? సెంటర్ నుంచి ఎప్పుడో ఎల్లిపోయినవంట."

"ఎల్బీ నగర్‌లో ఆంటీ."

"ఆడ ఏం పని?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, "ఉండు, ఆడనే ఉండు, వస్తున్న" అంది.

ఆటోలో వచ్చింది. పక్కనున్న హోటల్లో కూర్చోబెట్టి రెండు చాయ్‌లు చెప్పింది. నా చాయ్ మీద మీగడ కట్టింది, తాగలేదు. ఆమె కూడా తాగలేదు. "పరేషాన్ గాకు" అంటూనే తన చీర కొంగు వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది. అప్పుడొచ్చింది ఫోన్, తెలియని నంబరు నుంచి. హారన్ల గోలలో మొదట ఏమీ వినిపించలేదు. హోటల్ వెనక గోడ దగ్గరికి పరిగెత్తాను.

"ఉన్నామే" అంది అమ్మ. "ఇద్దరం ఉన్నాం. మీ బాబాయి కూడా. ఇది వేరేవాళ్ళ ఫోను, పెట్టేస్తున్నా."

వెనక్కి తిరిగేసరికి ఆంటీ నా ముఖం చూసి కుర్చీలో వెనక్కి వాలింది. చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది.

అక్కడ జరిగింది తర్వాత తెలిసింది. సముద్రం అంత దూరం రాలేదు, గాలి వచ్చింది. పొద్దున్నే పిన్ని ఇల్లు కదలనంది. అమ్మ గడప మీద కూర్చుని, "నువ్వొస్తేనే నేను లేస్తా" అంది. చివరికి ముగ్గురూ తుఫాను షెల్టరుకు వెళ్ళారు. పిన్ని వంటింటి రేకులు ఎగిరిపోయాయి. చేలో పనలన్నీ నీళ్ళలో తేలాయి.

వాళ్ళు ఇంటికి తిరిగొచ్చేసరికే ఇంకొకటి వస్తోందన్నారు. లెహర్ అట, దీనికన్నా చాలా పెద్దదట. ఈసారి పిన్నికి కాపలా కాయడానికి చేలో ఏమీ మిగల్లేదు. చేలోంచి నీరు తీసేందుకు బాబాయి ఉండిపోయాడు, అలారం మోగితే షెల్టరుకు పోతానని మాటిచ్చి. పిన్నిని అమ్మ వెంటబెట్టుకుని తెచ్చింది.

ఎల్బీ నగర్‌లో బస్సు దిగీ దిగగానే పిన్ని ముంజేయి చాపి నాకు చూపించింది. "షెల్టర్లో ఉన్నంతసేపూ ఇక్కడ పట్టుకునే కూర్చుంది మీ అమ్మ. తిమ్మిరెక్కింది వదలవే అంటే వదల్లా. బాత్రూముకి కూడా వెనకే వచ్చింది." అమ్మ వినిపించుకోనట్టు సంచీలు లెక్కచూసుకుంటోంది.

పిన్ని ఒకచోట కూర్చునే మనిషి కాదు. వచ్చిన మర్నాటికే డాబా మీద పత్తిలో చెయ్యి పెట్టింది. వరి మనిషి, పత్తి ఎరగదు. ఓనరాంటీ దగ్గర కసుర్లు తింటూ నేర్చుకుంది. మనసులో మాట దాచుకోవడం కూడా పిన్నికి రాదు.

"మీరు మమ్మల్ని పొమ్మంటన్నారంట కదా" అని అడిగేసింది.

"ఎవలన్నరు?"

"టీవీలో అన్నారు."

"టీవీల చానా అంటరు" అంది ఆంటీ. "మా రాష్ట్రం మాకు గావాలె. అది తప్పుగాదు. గట్లని నిన్ను ఎందుకు పొమ్మంట? నువ్వు పోతే గీ బస్తా ఎవలు కుక్కాలె?"

పిన్ని ఆలోచించింది. "మా వాళ్ళు మాత్రం విడిపోకూడదంటన్నారు. నాకైతే తెలీదు. మా చేలో నీళ్ళు పోతే చాలు" అంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని తాటిపత్రి మడిచారు.

లెహర్ దారిలోనే చల్లబడింది. తీరానికి వచ్చేసరికి ఉత్త వాయుగుండం. పిన్ని, ఆంటీ నవ్వుకున్నారు. అమ్మ నమ్మలేదు. మర్నాడు కూడా టీవీ కట్టెయ్యనివ్వలేదు, బాబాయి ఫోన్ చేసి ఎండ కాస్తోందని చెప్పాక గానీ. ఆ సాయంత్రం మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడి గురించి చెప్పింది. డాబా మీద చెప్పిన సంగతి కాదు. వాడు చింతచిగురు దూసుకుని పచ్చిగానే తినేవాడనీ, నత్తి వల్ల పిన్నిని ఏదో వింత పేరుతో పిలిచేవాడనీ. పిన్ని అందుకుని అమ్మ మరిచిపోయినవి కలిపింది. ఒకచోట ఇద్దరికీ కుదరక వాదించుకున్నారు కూడా.

డిసెంబరులో ఇంకొకటి పుట్టి, సగం దూరం వచ్చి, వెనక్కి తిరిగి తమిళనాడు వైపు పోయింది. అప్పటికి పిన్ని తిరిగి వెళ్ళి, ఆలస్యంగానే అయినా చేలో మినుములు చల్లింది. పత్తి రంగు పోయిందని వ్యాపారులు సగం ధరకు అడిగితే, ఆంటీ బేరం ఆడీ ఆడీ ఇచ్చేసింది. అమ్మ ఇంకా టీవీ చూసేది, కానీ కూర్చుని చూసేది.

సంక్రాంతి పోయాక పిన్ని, నీళ్ళలోంచి ఎత్తుకున్న ధాన్యం మరాడించి ఒక బస్తా బియ్యం బస్సులో వేసి పంపింది. ఎవరూ కొనలేదట. గింజ గోధుమ రంగులో ఉండేది, వండితే ముక్కవాసన. అమ్మ ఎన్నిసార్లు కడిగినా పోలేదు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లిస్తే, ఓనరాంటీ కంచంలో పచ్చిపులుసు పోసుకుని, "గిట్ల తిను, తెలువదు" అంది. నిజంగానే తెలియలేదు. మూడు కంచాల్లోకీ అదే అన్నం, రోజూ మధ్యాహ్నం. ఆ బస్తా అడుగుకు వచ్చేసరికి ఎండలు ముదిరాయి, రాష్ట్రం రెండయింది.